మున్సిపల్ బడ్జెట్‌లో కోతలు పడుతుంటే యూనియన్‌తో సేవాసంస్థ కలవొచ్చా? కలిస్తే ఎలా?

ముందు ప్రశ్న క్లుప్తంగా. ప్రకాశం జిల్లాలోని ఒక పట్టణం నుంచి ఒక సోదరి అడిగారు. వాళ్ల సంస్థ మున్సిపాలిటీ ఇచ్చే డబ్బుతో నిరాశ్రయుల వసతి గృహం నడుపుతోంది. చందాలతో కాలనీలో సాయంత్రం బడి కూడా నడుపుతోంది. వచ్చే ఏడాది వసతి గృహానికి ఇచ్చేది సగం చేస్తారని, ఔట్‌సోర్సింగ్ పారిశుద్ధ్య కార్మికులను కూడా తగ్గిస్తారని ఆఫీసులో అంటున్నారు. యూనియన్ వాళ్లు కలిసి రమ్మన్నారు. వెళితే ఇప్పటికే ఆగిన బిల్లు ఇంకా ఆగుతుందని వాళ్ల కమిటీ భయం. వెళ్లకపోతే "మా పని లాక్కునేది మీరే" అంటారేమోనని ఇంకో భయం. కలవాలా వద్దా, కలిస్తే ఎలా అన్నది ప్రశ్న.

కలవండి. కానీ ధర్నా టెంటు కింద కూర్చోకముందే మీ ఇద్దరి మధ్య ఒక కాగితం రాసుకోండి. అందులో మొదటి వాక్యం ఇది: "యూనియన్ సభ్యులు ఇప్పుడు చేస్తున్న పనిని గానీ, కోత వల్ల ఆగిపోయిన పనిని గానీ మా సంస్థ ఉచితంగానూ చేయదు, డబ్బుకూ చేయదు." మీ కమిటీ ఈ వాక్యం కింద సంతకం పెట్టగలిగితే మిగతాదంతా సర్దుకుంటుంది. పెట్టలేకపోతే కలవకండి. అరకొరగా కలిసి మధ్యలో తప్పుకుంటే రెండు వైపులా నష్టమే, అసలు కలవకపోవడం కంటే ఎక్కువ నష్టం.

ఈ వాక్యానికి ఇంత పట్టుబట్టడానికి కారణం ఉంది. మన దగ్గర పారిశుద్ధ్య కార్మికులకు సేవాసంస్థ, గ్రూపు, సొసైటీ అనే మాటలు వింటేనే అనుమానం. పర్మినెంట్ పోస్టులు ఖాళీ అయినప్పుడల్లా ఆ పని ఏదో ఒక గ్రూపు పేరు మీదో కాంట్రాక్టర్ పేరు మీదో తక్కువ కూలికి వెళ్లిపోవడం వాళ్లు కళ్లారా చూశారు. 2018లో జీవో 279 (పారిశుద్ధ్య పనిని కాంట్రాక్టర్లకు అప్పగించే ఉత్తర్వు) రద్దు చేయాలని రాష్ట్రమంతా సమ్మె చేసింది ఈ బాధతోనే. 2020లో ఆప్కాస్ (ఔట్‌సోర్సింగ్ ఉద్యోగుల కోసం రాష్ట్ర ప్రభుత్వం పెట్టిన కార్పొరేషన్) వచ్చాక జీతం కాంట్రాక్టర్ చేతి మీదుగా రావడం ఆగింది గానీ, ఉద్యోగం ఉంటుందా పోతుందా అన్న దిగులు పోలేదు. మీరు మంచి మనసుతో "ఆదివారం శ్రమదానం చేద్దాం" అన్నా వాళ్ల చెవికి అది "మీరు లేకపోయినా ఊరు నడుస్తుంది" అన్నట్టే వినపడుతుంది. అది వాళ్ల తప్పు కాదు.

ఇదే వాక్యం మీకూ రక్ష. కోతలు మొదలైన ఆఫీసు నుంచి సేవాసంస్థకు వచ్చే మొదటి ఫోన్ ఇలా ఉంటుంది: "మీ వాలంటీర్లు ఉన్నారు కదా, ఈ నాలుగు వీధులు మీరు దత్తత తీసుకోండి." ఒకసారి ఒప్పుకుంటే వచ్చే ఏడాది బడ్జెట్‌లో ఆ నాలుగు వీధులకు కేటాయింపు ఉండదు. మీ వాలంటీర్లు మూడు నెలలకు అలసిపోతారు. అప్పుడు వీధి ఊడ్చే మనిషీ ఉండదు, మనిషిని పెట్టుకునే డబ్బూ ఉండదు.

ఇక కోత సంగతి. "కోత" అని అందరూ ఒకే మాట వాడతారు గానీ, మున్సిపాలిటీలో అది మూడు రకాలు. ఏ రకమో తేల్చుకోకుండా ఉద్యమం మొదలుపెడితే మీరు తట్టిన తలుపు ఒకటి, తట్టాల్సింది ఇంకొకటి అవుతుంది.

మొదటిది, కేటాయింపులోనే కోత. బడ్జెట్ పుస్తకంలో పద్దు కింద పోయినేడు ఎంత ఉంది, ఈ ఏడు ఎంత రాశారు అన్నది చూస్తే తెలిసిపోతుంది. దీన్ని అడ్డుకునే చోటు పాలకవర్గం. కార్పొరేషన్‌లో అయితే స్టాండింగ్ కమిటీ, తర్వాత కౌన్సిల్. మున్సిపాలిటీలో నేరుగా కౌన్సిల్. పాలకవర్గం గడువు ముగిసి ప్రత్యేకాధికారి ఉంటే ఆయనే.

రెండోది, కేటాయింపు ఉన్నా డబ్బు కదలకపోవడం. పుస్తకంలో అంకె నిక్షేపంగా ఉంటుంది, బిల్లు మాత్రం సీఎఫ్‌ఎంఎస్‌లో (రాష్ట్ర ప్రభుత్వ ఆన్‌లైన్ బిల్లుల వ్యవస్థలో) నెలల తరబడి పడుకుంటుంది. వసతి గృహాలకు ఎక్కువగా తగిలేది ఈ దెబ్బే. దీనికి కౌన్సిలర్ల మీద ఎంత అరిచినా లాభం లేదు. బిల్లు ఏ తేదీన ఎక్కింది, టోకెన్ నంబరు ఎంత, ఎవరి లాగిన్‌లో ఉంది అన్నది రాతపూర్వకంగా అడగాలి.

మూడోది, చెప్పకుండా పెట్టే కోత. రిటైరైనవాళ్ల, చనిపోయినవాళ్ల స్థానంలో ఎవరినీ తీసుకోరు. ఎవరినీ తీసేయలేదు కాబట్టి గొడవ ఉండదు. ఉదాహరణకి ఒక డివిజన్‌లో 40 మంది ఉండి అయిదుగురు తగ్గితే పని ఎనిమిదో వంతు పోయినట్టు. ఒక్కొక్కరికి నెలకు 21,000 లెక్కన అయిదుగురికి ఏడాదికి 12 లక్షల 60 వేలు మిగిలినట్టు ఆఫీసు రాసుకుంటుంది. మిగిలిన 35 మంది ఆ భారం మోస్తారు. ఈ మూడో రకం బడ్జెట్ పుస్తకంలో ఎక్కడా దొరకదు, మస్తరులోనే, అంటే హాజరు పట్టీలోనే, దొరుకుతుంది. అందుకే మీకు యూనియన్ కావాలి.

మస్తరు అన్నాను కాబట్టి అదెలా ఉంటుందో చెప్పాలి, ఎందుకంటే సేవాసంస్థల వాళ్లు చాలామంది అక్కడికి ఒక్కసారి కూడా వెళ్లరు. తెల్లవారుజామున అయిదింటికి మస్తరు పాయింట్ దగ్గర వీధిలైటు కింద ఇరవై, ఇరవై అయిదు మంది ఆడవాళ్లు నిలబడి ఉంటారు. మేస్త్రీ ఫోన్ పైకెత్తి ఒక్కొక్కరి ముఖం హాజరుకు చూపిస్తుంటాడు. కర్రకు కట్టిన ఈనెల చీపురు సొంత డబ్బుతో కట్టించుకున్నదే. చేతికి గ్లౌజులుంటే అవి ఎప్పుడిచ్చినవో అడగండి. పుష్‌కార్ట్ చక్రం ఊడితే తాడుతో కట్టి తోస్తుంటారు. కోత మొదట కనపడేది జీతంలో కాదు, ఇక్కడ. సబ్బులు, కొబ్బరినూనె, చెప్పులు, గ్లౌజులు, బ్లీచింగ్ పౌడరు, ట్రాక్టరు డీజిలు ముందు ఆగుతాయి. మనుషులను తగ్గించేది ఆ తర్వాతే.

డీజిలు ఆగితే ఏమవుతుందో చూడండి. గ్యాంగు వాళ్లు కాలవలో సిల్టు తీసి గట్టున పోస్తారు. అదే రోజో మర్నాడో ట్రాక్టరు వచ్చి ఎత్తుకుపోవాలి. డీజిలు కోటా అయిపోతే అది వారం రోజులు అక్కడే ఎండుతుంది, దుమ్మై ఇళ్లలోకి కొడుతుంది, వాన పడితే మళ్లీ కాలవలోకే జారుతుంది. కూలి ఖర్చయింది, పని జరగలేదు. "పని చేయరు" అన్న నింద మాత్రం చీపురు పట్టినవాళ్ల మీద పడుతుంది. ఒంగోలులో పోతురాజు కాలవ పక్క కాలనీలు, నెల్లూరులో పెన్న గట్టున ఉన్న కాలనీలు ఈ ఖరీదు ఏటా వానల్లో చెల్లిస్తాయి. మీ సాయంత్రం బడికి జ్వరంతో రాని పిల్లలు ఆ ఇళ్లవాళ్లే.

అసలు ఇక్కడే మీ రెండు పక్షాల బంధం ఉంది. నెల్లూరు, ప్రకాశం పట్టణాల్లో పారిశుద్ధ్య కార్మికులు ఎక్కువగా దళిత, యానాది కుటుంబాలవాళ్లు. వాళ్లుండేది మీరు పనిచేసే కాలనీల్లోనే. ఒకే ఇంట్లో తల్లి యూనియన్ సభ్యురాలు, పిల్ల మీ బడి విద్యార్థిని. కాబట్టి "కార్మికులు వేరు, లబ్ధిదారులు వేరు" అన్న మాట మీ సమావేశాల్లో వాడకండి.

ముందు చేయాల్సిన పని: లెక్క. నెల 20వ తేదీ నుంచి వచ్చే నెల 5 దాకా, సరిగ్గా ఆ రోజుల్లోనే, రెండు పక్షాలూ చెరొక కాగితం రాయాలి. ఆ తేదీలే ఎందుకంటే నెలాఖరుకు డీజిలు, బ్లీచింగ్ అయిపోతాయి, ఒకటో తేదీ తర్వాత మళ్లీ వస్తాయి. ఒకటి నుంచి పదిహేను దాకా చూస్తే అంతా బాగున్నట్టే ఉంటుంది.

యూనియన్ కాగితంలో డివిజన్‌వారీగా రోజూ ఎంతమంది రావాలి, ఎంతమంది వచ్చారు, నడిచే పుష్‌కార్టులు ఎన్ని, ట్రాక్టరు ఎన్ని ట్రిప్పులు తిరిగింది, గ్లౌజులు, సబ్బులు చివరగా ఇచ్చిన తేదీ ఏది అన్నవి ఉండాలి. మనుషుల పేర్లు వద్దు, అంకెలు చాలు. పేర్లు రాస్తే రేపు అవి ఎవరి చేతిలో పడతాయో తెలియదు.

మీ కాగితంలో రోజూ రాత్రి ఎంతమంది పడుకున్నారు, ఎవరు పంపగా వచ్చారు (ఆసుపత్రి, రైల్వే పోలీసులు, తమంతట తాము), జబ్బుతో ఉన్నవాళ్లు ఎందరు అన్నది రాయండి. చోటు లేక వెనక్కి పంపినవాళ్లు ఎందరన్నది తప్పకుండా రాయండి. చాలా సంస్థలు ఈ అంకె రాయవు, పరువు తక్కువ అనుకుంటాయి. నిజానికి కోతను అడ్డుకునేది ఈ ఒక్క అంకే. పట్టణ నిరాశ్రయుల పథకం ప్రమాణం లక్ష జనాభాకు వంద మందికి వసతి, మనిషికి 50 చదరపు అడుగుల చోటు. మీ హాలు 1,500 చదరపు అడుగులైతే 30 మందికి సరిపోతుంది. అందులో 45 మంది పడుకుంటుంటే ఆ మాట కొలతతో సహా రాసిపెట్టండి. "సగం చేస్తాం" అన్నవాళ్లు ఏ సగం మందిని బయటికి పంపమంటారో చెప్పాల్సి వస్తుంది.

తర్వాత బడ్జెట్ పుస్తకం. ఉద్యోగులను రహస్యంగా తెచ్చిపెట్టమని అడగకండి, వాళ్ల ఉద్యోగానికే ముప్పు. రెగ్యులర్ ఉద్యోగులకు 1964 నాటి ప్రవర్తనా నియమావళి ఉంది, ఔట్‌సోర్సింగ్ వాళ్లకు అంత రక్షణ కూడా లేదు. సమాచార హక్కు చట్టం కింద పది రూపాయల ఫీజుతో మీ సంస్థ సభ్యులెవరైనా వ్యక్తిగా దరఖాస్తు చేయండి, 30 రోజుల్లో ఇవ్వాలి. బడ్జెట్ కేటాయింపులు సెక్షన్ 4(1)(బి) కింద ఎవరూ అడగకుండానే బయటపెట్టాల్సిన సమాచారం, ఆ మాట దరఖాస్తులో రాయండి. అడగాల్సినవి ఇవి: మూడేళ్ల బడ్జెట్ అంచనాలు, సవరించిన అంచనాలు, వాస్తవ లెక్కలు, ఆస్తి పన్ను, ఖాళీ స్థలాల పన్ను, నీటి చార్జీల డిమాండ్-కలెక్షన్-బ్యాలెన్స్ (రావాల్సింది, వసూలైంది, మిగిలిన బాకీ) పట్టిక, మున్సిపల్ షాపుల అద్దె బకాయిలు, మంజూరైన, పనిచేస్తున్న, ఖాళీగా ఉన్న పారిశుద్ధ్య పోస్టులు. ఒక్కో అంశానికి వేరు దరఖాస్తు పెట్టండి. అన్నీ ఒకదాంట్లో కలిపితే ఒక్క దానికి సమాధానం లేదన్న సాకుతో మొత్తం ఆగుతుంది.

పుస్తకం చేతికొచ్చాక చదివేటప్పుడు కొత్తవాళ్లు పొరపడే చోట్లు కొన్నున్నాయి. ఆస్తి పన్నుతో పాటు వసూలయ్యే 8 శాతం గ్రంథాలయ సెస్సు మున్సిపాలిటీ డబ్బు కాదు, జిల్లా గ్రంథాలయ సంస్థకు వెళ్లేది. దాన్ని ఆదాయంగా చూపించి వాదిస్తే మొదటి నిమిషంలోనే మీ మాట తేలిపోతుంది. డిపాజిట్లు, అడ్వాన్సుల పద్దు కూడా ఖర్చు పెట్టుకునే డబ్బు కాదు. 2021లో క్లాప్ (క్లీన్ ఆంధ్రప్రదేశ్) కార్యక్రమంతో పాటు వచ్చిన చెత్త పన్నును 2024 చివర్లో రద్దు చేశారు, కాబట్టి పాత పుస్తకంలోని ఆ రాబడిని కొత్త దాంట్లో వెతకొద్దు. కొత్త పుస్తకంలో ఆ లోటును దేనితో పూడ్చారన్నది మాత్రం తప్పకుండా అడగండి. వాహనాల అద్దె అప్పుడూ ఖర్చే, ఇప్పుడూ ఖర్చే కదా. మురికివాడలకు నికర నిధుల్లో 40 శాతం కేటాయించాలన్న నిబంధన ఉంది. ఆ పేజీలో చూపించిన పనులు నిజంగా మురికివాడల్లోవేనా, మెయిన్ రోడ్డు డివైడర్లవా అన్నది డివిజన్ తెలిసిన కార్మికులు చూపించగానే చెప్పేస్తారు. ఆఫీసులో కూర్చుని చదివేవాళ్లకు అది పట్టుబడదు.

డబ్బు ఎక్కడి నుంచి వస్తుందో చెప్పకుండా "కోత వద్దు" అంటే ఎవరూ వినరు. వెతకాల్సిన చోట్లు చెప్తాను. రాష్ట్ర ప్రభుత్వ ఆఫీసుల ఆస్తి పన్ను బకాయిలు. ఆర్టికల్ 285 వల్ల కేంద్ర ప్రభుత్వ భవనాలకు ఆస్తి పన్ను పడదు గానీ సర్వీసు చార్జీలు వసూలు చేయొచ్చు, అవి అడిగారా లేదా చూడండి. ఖాళీ స్థలాల పన్నయితే చాలా ఊళ్లలో డిమాండ్‌లోకే సరిగా ఎక్కదు. ఇల్లుగా నమోదై కింద దుకాణాలు నడిచే భవనాలు, ఏళ్ల తరబడి పాత అద్దెకే ఉన్న మున్సిపల్ షాపులు. ఏప్రిల్ 30లోగా ఏడాది పన్ను మొత్తం కట్టినవాళ్లకు 5 శాతం రాయితీ ఉంది. ఆ నెలలో ఎంత వచ్చిందో చూస్తే ఊళ్లో కట్టగలిగినవాళ్లు ఎందరో అంచనా దొరుకుతుంది.

ఒక హెచ్చరిక. ఆదాయం పెంచాలన్న ఊపులో కాలనీల కుళాయి చార్జీలు, చిన్న ఇళ్ల పన్నులు పెంచమని రాయకండి. మీ వసతి గృహం కోసం యూనియన్ సభ్యుల ఇళ్ల మీద భారం వేసినట్టవుతుంది, ఆ రోజుతో పొత్తు ముగుస్తుంది.

ఇంకో దారి కూడా ఉంది, ఇది చాలామందికి తట్టదు. ఆర్థిక సంఘం గ్రాంట్లతో జీతాలు ఇవ్వకూడదు. 2021-26 కాలానికి 15వ ఆర్థిక సంఘం పది లక్షల లోపు జనాభా ఉన్న పట్టణాలకిచ్చిన దాంట్లో 40 శాతం షరతు లేనిది, 30 శాతం తాగునీటి కోసం, 30 శాతం పారిశుద్ధ్యం కోసం. షరతు లేని 40 శాతంతో కూడా జీతాలు కుదరవు. కానీ చెత్త బండ్ల రిపేర్లు, పుష్‌కార్టులు, డంపింగ్ యార్డు పనులు లాంటివి పారిశుద్ధ్యం వాటా కిందికి వస్తాయి. కొన్నిచోట్ల వీటిని సాధారణ నిధుల నుంచి ఖర్చు పెట్టి, గ్రాంటు డబ్బు మాత్రం ఖర్చు కాకుండా ఉంచుతారు. ఆ ఖర్చులను గ్రాంటు కిందికి మారిస్తే సాధారణ నిధుల్లో జీతాలకు, వసతి గృహానికి చోటు దొరుకుతుంది. కొత్త పన్ను లేకుండా కుదిరే పని ఇది. ఆ అయిదేళ్ల గడువు 2026 మార్చి వరకే కాబట్టి తర్వాతి గ్రాంట్ల ఉత్తర్వుల్లోని షరతులు ముందు చదివి, వాటిని బట్టి రాయండి.

ఇవన్నీ ఒకే పేజీలో పట్టికగా పెట్టండి. పద్దు పేరు, ఆఫీసు అంకె, మన అంకె, తేడా, ఆ తేడాకు డబ్బు ఎక్కడి నుంచి. అయిదు వరుసలు దాటొద్దు. కౌన్సిలర్ జేబులో పట్టే కాగితం అయ్యుండాలి. సమావేశం రోజు ఇస్తే ఉపయోగం లేదు. అజెండా తయారు కాకముందే, జనవరిలోనే, ఒక్కొక్కరి ఇంటికెళ్లి ఇవ్వండి. వెళ్లేటప్పుడు మీ మనిషి ఒకరు, యూనియన్ మనిషి ఒకరు, ఆ డివిజన్‌లోనే ఉండే కార్మికురాలు ఒకరు ఉండాలి. సోమవారం కలెక్టరేట్‌లో జరిగే ప్రజా సమస్యల పరిష్కార వేదికలో అదే కాగితం అర్జీగా ఇచ్చి నంబరు తీసుకోండి.

ఇప్పుడు ఆ ఒప్పందం కాగితం. పెద్ద లాయరు భాష అక్కర్లేదు. ఇలా ఉంటే చాలు:

1. యూనియన్ సభ్యుల పనిని సంస్థ చేయదు. సమ్మె రోజుల్లో కూడా చేయదు.
2. సమ్మె వచ్చినా తాగునీటి పంపులు, ప్రభుత్వాసుపత్రి చెత్త, చనిపోయిన జంతువుల తొలగింపు, శ్మశానం, వసతి గృహం చెత్త ఆగకుండా యూనియన్ చూస్తుంది.
3. ఒకరిని ఆఫీసు విడిగా పిలిచి మాట్లాడితే, ఒప్పుకున్నా ఒప్పుకోకపోయినా, 24 గంటల్లో రెండోవారికి చెబుతారు.
4. ఉమ్మడి ఖాతా ఉండదు. ఎవరి ఖర్చు వారిది, బిల్లు వారి పేరు మీదే.
5. ఉమ్మడి కార్యక్రమంలో పార్టీ జెండాలుండవు.
6. ఉమ్మడి డిమాండ్లు స్థానికంగా తేలేవి మాత్రమే.

మూడోది చాలా అవసరం. ఆఫీసు వేసే మొదటి ఎత్తు విడగొట్టడమే. "మీ బిల్లు రేపు వదిలేస్తాం, వాళ్లతో మీకెందుకు" అంటారు. బిల్లు వదిలితే తీసుకోండి, అది మీకు రావాల్సిన డబ్బే. దాచడం మాత్రం చేయొద్దు. యూనియన్ వాళ్లకు మీ నోటి నుంచి తెలిస్తే శుభవార్త, బయటి నుంచి తెలిస్తే ద్రోహం.

ఆరోదాన్ని కొంచెం వివరించాలి. కార్మికుల జీతం, పర్మినెంట్ చేయడం, ఆప్కాస్ సంగతి ఇవన్నీ రాష్ట్రస్థాయిలో తేలేవి. 2023 డిసెంబరు 26న మొదలైన మున్సిపల్ కార్మికుల సమ్మె జనవరిలో ప్రభుత్వంతో చర్చల్లో 21,000 జీతం మీద ముగిసింది. అలాంటి సమ్మెను విరమించేది రాష్ట్ర నాయకత్వం. మీ వసతి గృహం డిమాండ్‌ను దానికి తగిలిస్తే, ఒక రాత్రి విజయవాడలో సంతకాలైపోతాయి, మర్నాడు మీ ఊళ్లో మీరొక్కరే మిగులుతారు. యూనియన్ మోసం చేసినట్టు కాదు, వాళ్ల నిర్మాణమే అంత. అందుకే గ్లౌజులు, డీజిలు, ఖాళీల భర్తీ ప్రతిపాదన, వసతి గృహం బిల్లు, గ్రాంటు మార్పిడి లాంటి ఊళ్లో తేలే జాబితా వేరుగా ఉంచండి. జీతాల పోరాటానికి మద్దతు ప్రకటన ఇవ్వండి, ముడి మాత్రం పెట్టకండి.

ఊళ్లో ఒకటే యూనియన్ ఉండదు. సీఐటీయూ, ఏఐటీయూసీ, ఐఎఫ్‌టీయూ, ఇంకా అధికార పక్షంతో ఉండే సంఘం ఒకటి ఉంటాయి. మిమ్మల్ని పిలిచినవాళ్లతోనే సంతకం పెట్టి మిగతావాళ్లను వదిలేస్తే కోత గొడవ కాస్తా సంఘాల గొడవ అవుతుంది. ఒకే కాగితాన్ని అందరికీ పంపండి. ఎవరు సంతకం పెడితే వాళ్లు.

మీ సంస్థ చట్టపరమైన భద్రత గురించి. విదేశీ విరాళాలు తీసుకునే రిజిస్ట్రేషన్ ఉంటే ఆ డబ్బులో ఒక్క రూపాయి కూడా ఈ పనికి వాడకండి, కరపత్రం జిరాక్సుకు కూడా. విదేశీ విరాళాల చట్టానికి 2020లో చేసిన సవరణ తర్వాత ఆ డబ్బు ఇంకో సంస్థకు బదిలీ చేయడమే నేరం. బంద్, రాస్తారోకో లాంటివాటికి దిగే సంస్థలను రాజకీయ స్వభావం ఉన్నవిగా ప్రకటించే వీలు ఆ నిబంధనల్లో ఉంది. పార్టీ రాజకీయాలతో సంబంధం లేనివాటికి అది వర్తించకూడదని సుప్రీంకోర్టు 2020లో చెప్పింది గానీ, కోర్టు దాకా వెళ్లే ఓపిక చిన్న సంస్థకు ఎక్కడిది? కంపెనీల సీఎస్‌ఆర్ డబ్బూ అంతే, ఏ పనికిచ్చారో ఆ పనికే. స్థానిక చందాలతో వేరు పద్దు పెట్టుకోండి. యూనియన్ వాళ్లకూ హద్దులున్నాయి. సాధారణ నిధిని దేనికి వాడొచ్చో చట్టం (2025 నవంబరు దాకా 1926 ట్రేడ్ యూనియన్ల చట్టం, ఇప్పుడు పారిశ్రామిక సంబంధాల కోడ్) చెబుతుంది, రాజకీయ ఖర్చుకు వేరు నిధి ఉండాలి. మీకు విరాళం ఇవ్వమని వాళ్లను ఇరకాటంలో పెట్టొద్దు.

మీరు సమ్మె చేయలేరు, చేయకూడదు కూడా. వసతి గృహం తలుపు మూసి నిరసన తెలిపితే బయట పడుకునేది మీ మనుషులే. సమ్మె యూనియన్ ఆయుధం, దానికి 14 రోజుల ముందు నోటీసు లాంటి నియమాలు వాళ్లు చూసుకుంటారు. మీ వంతు పని లెక్కలు బయటపెట్టడం, పత్రికలతో మాట్లాడటం. ఉద్యోగులు మీడియాతో మాట్లాడితే మెమోలు వస్తాయి. మీరు గానీ, యూనియన్‌లో ఉద్యోగి కాని గౌరవాధ్యక్షుడు గానీ మాట్లాడాలి. ధర్నా అయినా ర్యాలీ అయినా మన జిల్లాల్లో ఏడాదిలో చాలా రోజులు పోలీస్ యాక్ట్ 30 అమల్లో ఉందంటారు, కాబట్టి డీఎస్పీకి ముందే దరఖాస్తు పెట్టి, రసీదు కాపీ టెంటు దగ్గర ఉంచుకోండి.

సమ్మె రోజుల్లో వచ్చే పరీక్ష ఒకటుంది. నాలుగో రోజుకు వీధుల్లో వాసన మొదలవుతుంది, మీ దాతలే ఫోన్ చేసి "మీ పిల్లలతో క్లీన్ చేయించండి" అంటారు. ఒప్పుకోకండి. ఇళ్లవాళ్లకు తడి చెత్త, పొడి చెత్త వేరు చేసి పొడిది ఇంట్లోనే ఉంచుకోమని చెప్పే ప్రచారం మీరు చేయొచ్చు. రెండో షరతులోని అత్యవసరాలు నడుస్తున్నాయా అని రోజూ చూసి, ఆగితే యూనియన్‌కు చెప్పొచ్చు. కార్మికుల ఇళ్లకు బియ్యం ఇవ్వాలనిపిస్తే స్థానిక చందాలతో ఇవ్వండి, ఫొటోలు తీయకండి.

ఇలాంటి కలయిక మన నేలకు కొత్త కాదు. 1990ల మొదట్లో నెల్లూరు జిల్లా అక్షరాస్యత ఉద్యమంలో వాలంటీర్లు, ఉపాధ్యాయులు, ప్రభుత్వ సిబ్బంది ఒకే లాంతరు చుట్టూ కూర్చున్నారు. ఆ రాత్రి బడుల్లోంచే 1992లో దూబగుంట ఆడవాళ్లు లేచి సారా అంగడి మూయించారు, 1993లో రాష్ట్రమంతా సారా ఆగింది. అక్కడ మొదట చేసింది ఇంటి డబ్బు ఎటు పోతోందో కలిసి చదవడం. మీరు చేయబోయేది మున్సిపాలిటీ డబ్బు ఎటు పోతోందో కలిసి చదవడం.

చివరగా మీ కమిటీ భయం, ఆగిన బిల్లు సంగతి. యూనియన్‌తో మొదటి సమావేశానికి ముందే ఈ పని చేసేయండి. ఏ నెల నుంచి ఏ నెల దాకా బాకీ, ఎంత, వినియోగ పత్రాలు ఏ తేదీన ఇచ్చారు అన్నది కమిషనర్ పేరు మీద ఒక పేజీ ఉత్తరం రాసి, ఇన్‌వార్డులో ఇచ్చి, మీ కాపీ మీద ముద్ర, తేదీ వేయించుకోండి. వినియోగ పత్రమో ఆడిట్ నివేదికో బాకీ ఉంటే ముందు అది పూర్తి చేయండి. బిల్లు ఆపడానికి ఆఫీసుకు దొరికే న్యాయమైన కారణం అదొక్కటే. ఆ ముద్ర పడిన కాగితం మీ దగ్గరుంటే, బిల్లు మీరు యూనియన్‌తో కలవకముందు నుంచే ఆగి ఉందని తేదీతో సహా చూపించగలరు. అది జరిగిన వారానికి యూనియన్ వాళ్లను మీ వసతి గృహానికే పిలవండి, రాత్రి ఎనిమిదింటికి, అందరూ చాపలు పరుచుకునే వేళకు. మర్నాడు అయిదింటికి మీరు మస్తరు పాయింట్‌కు వెళ్లండి. కాగితం మీద సంతకాలు ఆ తర్వాత పెట్టుకోండి.